మస్కర్పోనె అను ఇటలీ మీగడ జున్ను: పేరు పుట్టుక, దాని నుండి పాడి రైతు నేర్చుకొనదగిన పాఠము



పట్టణములలోని మిఠాయి దుకాణములలోను, పెద్ద హోటళ్ళలోను ఇటీవలి కాలమున మస్కర్పోనె అను మాట వినబడుచున్నది. తిరమిసు అను ఇటలీ తీపి వంటకమునకు ఇది ప్రధానమైన సరుకు. మన వైపున పాలు పోయువారికి ఈ పేరు కొత్త. కొత్త పేరు వినగానే ఇదేదో మనకు చేతకాని వస్తువని కొందరును, బంగారము కురిపించు వస్తువని మరికొందరును తలచెదరు. రెండును తొందరపాటు మాటలే. పేరును విప్పి చూచిన యెడల లోపలి వస్తువు కనబడును. కావున ఈ పాఠమునందు ముందుగా ఆ పేరు అర్థమును, పుట్టుకను తెలిసికొని, పిదప మన పాడి మాటలతో పోల్చి, రాయచోటి సీమలోని పాడి రైతునకు దీనివలన ఏమి ప్రయోజనమో విచారింతము.

1. వస్తువు ఎట్టిది?

మస్కర్పోనె ఇటలీ దేశపు ఉత్తర భాగమున ఉన్న లంబార్డీ సీమలో పుట్టినది. మిలాను నగరమునకు దక్షిణమున ఉన్న లోది పరిసరములు దీనికి పేరెన్నిక గన్నవి. ఇది పాలతో గాక మీగడతో చేయు పదార్థము. మీగడను 85 నుండి 90 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి, నిమ్మ ఉప్పు గాని, నిమ్మరసము గాని, చింతపండులోను ద్రాక్షలోను ఉండు టార్టారిక్ ఆమ్లము గాని కొద్దిగా కలిపెదరు. కొన్ని నిమిషములలో అది చిక్కబడును. దానిని గుడ్డలో పోసి, చల్లని చోట ఒక రాత్రి పాటు వడియ గట్టెదరు. నీరు దిగిన తరువాత మిగిలిన తెల్లని మెత్తని ముద్దయే మస్కర్పోనె. ఇందులో దాదాపు సగము వెన్న పాలే.

గట్టి జున్నులకు దూడ పొట్టలో దొరకు రెన్నెట్ అను తోడు కావలెను. నెలల తరబడి మాగవలెను. దీనికి రెన్నెట్ అక్కర లేదు, మాగుటయు లేదు. చేసిన కొలది దినములలోనే తినవలెను. అందుచేతనే పూర్వము లంబార్డీలో దీనిని ఎక్కువగా చలికాలముననే చేసెడివారు.

2. పేరు ఎట్లు పుట్టినది?

లంబార్డీ పల్లెల మాటలో మస్కర్ప, లేక మస్కెర్ప, అను పదము కలదు. జున్ను చేయగా మిగిలిన తేటనీటిని మరల కాచి తీసిన మెత్తని ముద్దకు ఆ పేరు. ఇటలీలో తక్కినచోట్ల ఇట్టి ముద్దను రికోత్తా అందురు. రికోత్తా అనగా 'మరల వండినది' అని అర్థము. ఒకసారి పాలు కాచి జున్ను తీసిన పిదప, ఆ తేటను రెండవ మారు కాచుటచేత ఆ పేరు వచ్చినది. లంబార్డీకి ఉత్తరపు కొండలలో, వేసవి మేతకు పోయిన ఆవుల పాలతో బిత్తో అను జున్ను చేసి, మిగిలిన తేటతో నేటికిని మస్కర్ప తీయుచున్నారు.

ఇక చివరనున్న 'ఓనె' అను ప్రత్యయమును చూడుడు. ఇటలీ భాషలో మాట చివర దీనిని చేర్చిన 'పెద్దది' అను అర్థము కలుగును. కావున మస్కర్పోనె అనగా 'పెద్ద మస్కర్ప' అని చెప్పవచ్చును. ఇచ్చట పెద్ద అనుట కొలతలో కాదు, గుణములో. తేటనీటితో తీసినది పేదవాని మస్కర్ప. మీగడతో తీసినది కలవారి మస్కర్ప.

మీగడతో చేసిన దానికి తేటనీటి ముద్ద పేరు ఎట్లు అంటినది? కారణము చేతి పనిలోనే కనబడుచున్నది. రెండింటికిని పని ఒక్కటే: బాగుగా కాచుట, కొంచెము పులుపు తగిలించుట, గుడ్డలో వడియ గట్టుట. పని తెలిసిన చేతులకు వస్తువు మారినను పాత పేరే నోటికి వచ్చును.

3. జనులు చెప్పుకొను కథలు

ఈ పేరునకు వేరు కథలు కూడ ఉన్నవి. అందు రెండింటిని పరీక్షింతము.

మొదటిది: మిలాను రాజ్యము 16వ, 17వ శతాబ్దములలో స్పెయిను ప్రభువుల యేలుబడిలో ఉండెను. ఒక స్పెయిను దొర దీనిని రుచిచూచి, తన భాషలో 'మాస్ కె బ్వేనో', అనగా 'మంచి కంటె మించినది' అనెనట! అదే మస్కర్పోనె అయినదట! కథ వినుటకు ఇంపుగానే ఉన్నది. కాని ఆ మాటలోని 'బ' మన మాటలోని 'ప' ఎట్లయినది? నడుమ 'ర' ఎచ్చట నుండి వచ్చినది? అన్నిటి కంటె ముఖ్యముగా, పక్క పల్లెలోనే మస్కర్ప అను పాడి మాట ఉండగా దొర నోటి వరకు పోవలసిన పని యేమి?

రెండవది: మిలానుకు, పవియాకు నడుమ కష్షీనా మస్కెర్ప అను పాడి క్షేత్రము ఉండెననియు, అచ్చట పుట్టుటచే ఆ పేరు వచ్చెననియు చెప్పుదురు. ఊరి పేరు వస్తువునకు వచ్చుట లోకములో ఉన్నదే. అయినను ఇక్కడ వస్తువు పేరే క్షేత్రమునకు వచ్చి ఉండరాదా? కొండలలోను, మైదానములోను పలువురు వాడు మాటను ఒక్క క్షేత్రము పుట్టించినదనుట కంటె ఇది సులభముగా పొసగును.

మన వైపు ఉర్దూ మాటలాడు సోదరులు ఇంకొక సందేహమును తేవచ్చును. వెన్నను వారు మస్కా అందురు; హైదరాబాదు ఇరానీ చాయి దుకాణములలో బన్ మస్కా అందరికిని తెలిసినదే. అది పారశీకము నుండి వచ్చిన మాట. మస్కా, మస్కర్పోనె ఒక్కటేనా? మొదటి రెండు అక్షరములు కలిసినంత మాత్రమున చుట్టరికము ఏర్పడదు. తక్కిన సగము మాటకు అర్థము చెప్పలేని పోలిక, పోలికయే గాని రుజువు కాదు.

మాట పుట్టుక చూచుటకు మూడు ప్రశ్నలు చాలును. ఒకటి: ఆ వస్తువు చేసెడి ఊళ్ళలో అంతకు ముందే దగ్గరి మాట ఉన్నదా? రెండు: మాటలోని అన్ని భాగములకు అర్థము కుదురుచున్నదా? మూడు: పనికిని, పేరునకును పొత్తు ఉన్నదా? మస్కర్ప ఒక్కటే ఈ మూడింటికిని నిలుచుచున్నది.

4. మన పొలములోనే ఉన్న సాక్ష్యము

కొత్త వస్తువునకు పాత వస్తువు పేరు పెట్టుట లంబార్డీ వారికే చెల్లినది కాదు. మీ చేనులోనికి చూడుడు. వేరుశనగ దక్షిణ అమెరికా ఖండమున పుట్టిన పైరు. అది మన దేశమునకు రాకముందే మనకు శనగ తెలియును. నేలలో కాయు ఈ కొత్త గింజను చూచి, వేరున కాచు శనగ అనిరి. కడప జిల్లా పల్లెలలో ఇంకను ముందుకు పోయి, శెనక్కాయ అనిన వేరుశనగయే అగునట్లు పాత పేరును కొత్త పైరునకే ఇచ్చివేసిరి. నిజమునకు వేరుశనగ వేరున కాయదు. పూత నుండి ఊడ దిగి, నేలలో చొచ్చి, అచ్చట కాయగా మారును. పేరు పెట్టినవారు చూచినది పీకిన మొక్కను. అందుచే వేరు అనిరి.

మిరప సంగతియు ఇట్టిదే. అదియు అమెరికా నుండి వచ్చినదే. దానికి ముందు మన వంటలకు కారము మిరియము. కొత్త కారపు కాయకు మిరియపు పేరే చుట్టుకొని మిరపకాయ అయినది.

శనగ పేరు వేరుశనగకు, మిరియము పేరు మిరపకు, మస్కర్ప పేరు మస్కర్పోనెకు: మూడును ఒకే దారి. ఇందులో మనకు హెచ్చరిక కూడ ఉన్నది. పేరు కలిసినంత మాత్రాన సేద్యము కలియదు. శనగ చలికాలపు పైరు, వేరుశనగకు వెచ్చదనము కావలెను. అట్లే పేరు చూచి వస్తువును అంచనా కట్టరాదు.

5. మన పాడి మాటలు

ఇటలీ వారి మాటను విప్పితిమి. మన మాటలను కూడ విప్పి చూతము.

వెన్న: వెల్ల, వెలుగు, వెన్నెల అను మాటలలో ఉన్న తెలుపే ఇందులోను ఉన్నది. వెలి నెయ్యి, అనగా తెల్లని నెయ్యి, వెన్న అయినది. తమిళులు వెణ్ణెయ్ అనుటలో ఈ సంగతి ఇంకను స్పష్టముగా వినబడును.

మీగడ: మీద, మీదు అను మాటలలోని 'మీ' ఇందు కలదు. పాల మీద కట్టునది మీగడ. సంస్కృతము, పారశీకము ఏదియు తెలియని ఇల్లాలు చూచినది చూచినట్లు పెట్టిన పేరిది.

పెరుగు: పెరుగుట చేత పెరుగు అయినదని పలువురు అనుకొందురు. కాని తోడు వేసిన పాలు పెరుగునా? కొలత మారదు, గట్టిపడును అంతే. చలికి కొబ్బరినూనె పేరుకొన్నది అందుము. నెయ్యి పేరినది అందుము. పెరుగునకు అర్థములో దగ్గరి చుట్టము ఆ పేరుకొనుటయే. పైన చెప్పిన మూడవ ప్రశ్న ఇక్కడ పనికివచ్చినది.

పన్నీరు: ఇది రెండు వేరు మాటలు ఒకే రూపున కలిసిన చోటు. పెండ్లిలో చల్లు పన్నీరు గులాబి నీరు; అందులోని నీరు మన నీరే. అంగడిలో ముక్కలుగా కోసి అమ్ము పన్నీరు పారశీకులు జున్నునకు వాడు పనీర్ అను మాట. తురుష్క దేశములో పెయ్నిర్ అనునది కూడ అదే. రెండింటికిని చుట్టరికము లేదు.

ఇంగ్లీషు వారి చీజ్ అను మాట లాటిను భాషలోని కాసెయుస్ నుండి వచ్చినది. పాలలోని ముఖ్యమైన మాంసకృత్తునకు కేసీను అను పేరు పెట్టినది కూడ ఆ మాట నుండియే. ఇటలీలోని ఫర్మాజ్జో అను మాటకు మూలార్థము 'అచ్చులో పోసినది' అని. గేదె పాలతో చేయు మొజ్జరెల్లా పేరు 'తుంచుట' అను క్రియ నుండి వచ్చినది. సాగిన ముద్దను చేతితో తుంచి ఉండలు చేయుదురు గనుక. ఏ దేశమందైనను పాడి మాటలు పండితులు పెట్టినవి కావు. పాత్ర దగ్గర నిలిచి పని చేసినవారు పెట్టినవి.

6. జున్ను అను మాట, దూడ ప్రాణము

ఇంగ్లీషు తెలుగు నిఘంటువులలో చీజ్ అను మాటకు జున్ను అని అర్థమిచ్చుట కద్దు. మనకు మాత్రము జున్ను అనగా ఈనిన ఆవు, గేదె ముర్రుపాలను బెల్లము, మిరియములు, ఏలకులు వేసి ఆవిరిపై వండినది. కన్నడ సోదరులు దీనినే గిణ్ణు అందురు.

ఇందులో ఒక విశేషము గలదు. ముర్రుపాలు పులుపు లేకయే, రెన్నెట్ లేకయే, కాచినంతనే గట్టిపడును. తేటలో కరగియుండు మాంసకృత్తులు ముర్రుపాలలో మెండుగా ఉండుటయే దానికి కారణము. మస్కర్పను, రికోత్తాను గట్టిపరచునవి కూడ ఆ తేట మాంసకృత్తులే. కావున లోపలి గుణమును బట్టి చూచిన, ఇటలీ వారి జున్నులన్నిటిలో మన జున్నునకు దగ్గర చుట్టము మస్కర్పయే అనవలెను.

కాని ఆ మాంసకృత్తులు ప్రకృతి ఇచ్చినది మన నాలుక కొరకు కాదు. వానిలో రోగనిరోధక శక్తి నిచ్చునవి ఉన్నవి. గర్భమునందు ఉండగా దూడకు తల్లి నుండి ఆ శక్తి రాదు. పుట్టిన పిదప ముర్రుపాల ద్వారానే రావలెను. దూడ ప్రేగులు వానిని యథాతథముగా రక్తములోనికి తీసికొను కాలము చాల కొద్ది. గంట గంటకు తగ్గి, ఒక్క దినములో దాదాపుగా ముగిసిపోవును. అందుచేత పుట్టిన ఒకటి రెండు గంటలలోపలనే మొదటి మారు ముర్రుపాలు త్రాగింపవలెను. మొదటి దినమున దూడ బరువులో పదవ వంతు ముర్రుపాలు పట్టవలెను. 25 కిలోల దూడకు అది రెండున్నర లీటర్లు. ఒక్కసారిగా గాక మూడు నాలుగు విడతలుగా పట్టుట మంచిది.

బంధువులు, ఇరుగు పొరుగువారు జున్నుపాలు అడుగుట మన ఆచారము. ఇయ్యవద్దని చెప్పుట లేదు. దూడ కడుపు నిండిన తరువాత మిగిలినది ఇయ్యుడు. దూడ వాటాను పంచిన యెడల జున్ను తిన్న రుచి ఒక్క పూట. దూడ పారుడు రోగముతో పడిపోయిన నష్టము కొన్ని ఏండ్లు.

7. పేరునకు ధర ఉన్నది

కడప నుండి రాయచోటికి వచ్చు దారిలో ఘాటు మీద గువ్వలచెరువు ఉన్నది. అచ్చటి పాలకోవా ఎరుగని ప్రయాణికుడు లేడు. పాలు, చక్కెర, బాణలి, కట్టెల మంట ఎక్కడనైనను ఉన్నవి. అయినను బండి ఆపి కొనువాడు గువ్వలచెరువు కోవా అని అడిగి కొనును. ఆ పేరు ఎవరును దుడ్డిచ్చి కొనినది కాదు. చిక్కని పాలు, ఓపికగా కలిపిన చేయి సంపాదించినది. అట్లే నాసిరకపు సరుకు ఒక్కటి ఆ పేరున అమ్ముడైనను, పాలు పోసిన రైతు వరకు నష్టము వచ్చును.

ఊరి పేరుతో కూడిన సరుకును కాపాడుటకు మన దేశమున భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో చేయబడినది. 2003 నుండి అమలులో ఉన్నది. తిరుపతి లడ్డు 2009లోను, బందరు లడ్డు 2017లోను, ఆత్రేయపురము పూతరేకులు 2023లోను ఈ గుర్తింపు పొందినవి. 

సరుకు పేరును కాపాడుటకు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము, 2006 కలదు. దాని క్రింది నియమముల ప్రకారము పన్నీరులో తేమ 60 శాతమునకు మించరాదు. నీరు పోగా మిగిలిన పదార్థములో పాలకొవ్వు 50 శాతమునకు తగ్గరాదు. కోవాలో అట్లే 30 శాతమునకు తగ్గరాదు. పాలకొవ్వు తీసి తాటినూనె వంటివి కలిపిన సరుకును పన్నీరు అను పేరుతో అమ్మరాదు. ఇవి అంగడి వాని లెక్కలని తలచవలదు. నూనె ముద్ద పన్నీరు పేరుతో చవుకగా అమ్ముడైనచో, నిజమైన పాలకు గిరాకి పడిపోవును. పేరును దొంగిలించిన వాడు రైతు పాల ధరనే దొంగిలించినట్లు.

8. మన ఊర మస్కర్పోనె చేయవచ్చునా?

లెక్క వేసి చూతము. 7 శాతము వెన్న గల గేదె పాలు 10 లీటర్లలో వెన్న సుమారు 700 గ్రాములు. దానిని 40 శాతము వెన్న గల మీగడగా తీసిన, ఒకటిముప్పావు కిలో వచ్చును. వడియ గట్టిన పిదప ఒకటిన్నర కిలోకు అటు ఇటుగా మస్కర్పోనె దిగును. 4 శాతము వెన్న గల ఆవు పాలయిన, మీగడ ఒక కిలో మాత్రమే. కావున దీనికి గేదె పాలు అనుకూలము. చేయు పద్ధతియు మన ఇండ్లలో తెలియనిది కాదు.

అయినను మూడు చిక్కులు ఉన్నవి.

మొదటిది చల్లదనము. ఇది పులుపు తక్కువ, తేమ ఎక్కువ గల పదార్థము. చేసిన వెంటనే 4 డిగ్రీల దగ్గర ఉంచి, కొనువాని ఇంటి వరకు అట్లే చేర్చవలెను. 1996లో ఇటలీలోనే మస్కర్పోనె తిని కొందరు బొటులిజము అను విషరోగము పాలయిరి. నిలువలో చల్లదనము తప్పుటయే కారణమై ఉండునని విచారించినవారు తలచిరి. లంబార్డీ చలికాలములో పుట్టిన వస్తువును మన వేసవి ఎండలో, కరెంటు పోవు చోట చేయుట సాహసము.

రెండవది మిగిలిన పాలు. మీగడ తీయగా ఎనిమిది లీటర్లకు పైగా వెన్న లేని పాలు మిగులును. మాంసకృత్తులు అందులోనే ఉన్నవి. వానిని పెరుగుగానో, మజ్జిగగానో, తక్కువ కొవ్వు పన్నీరు అని స్పష్టముగా వ్రాసిగానో అమ్ముకొను దారి లేనియెడల లాభము ఆ పాలతోనే కొట్టుకొనిపోవును. లంబార్డీ రైతు తేటనీటిని సైతము పారబోయక మస్కర్ప తీసెను. మనము నేర్చుకొనవలసినది ముందుగా ఆ పొదుపు.

మూడవది కొనువాడు. రాయచోటిలో మస్కర్పోనె అడుగువారు అరుదు. బెంగుళూరు వంటి నగరములలో ఉన్నారు. ఎవరైనను వచ్చి యంత్రములు కొనుడు, సరుకు మేమే కొందుము అన్నచో, ఈ ప్రశ్నలు అడుగుడు: నెలకు ఎన్ని కిలోలు కొందురు? ఆ మాట కాగితము మీద వ్రాసి ఇత్తురా? చల్లని బండి ఎవరిది? దారిలో చెడిన నష్టము ఎవరిది? వెన్న తీసిన పాలను ఎవరు తీసికొందురు? వీనికి జవాబు రానిచో, పేరు ఎంత తియ్యగా ఉన్నను సంతకము చేయవలదు.

9. గుర్తుంచుకొనవలసిన సంగతులు

(1) మస్కర్పోనె అనగా పెద్ద మస్కర్ప. మస్కర్ప లంబార్డీ పల్లెలలో తేటనీటి నుండి తీయు ముద్ద.

(2) స్పెయిను దొర కథ వినుటకు బాగున్నను, మాటలోని అక్షరములకు పొసగదు.

(3) కొత్త సరుకు పాత పేరుతో వచ్చుట వేరుశనగలోను, మిరపలోను చూచితిమి. పేరు చూచి గుణమును నిర్ణయింపరాదు.

(4) జున్నుపాలలో మొదటి వాటా దూడది. అదియు మొదటి రెండు గంటలలోపలనే.

(5) పన్నీరు, కోవా అను పేర్లకు చట్టము కొలతలు పెట్టినది. ఆ కొలతలు నిలిచిన నాడే మన పాలకు విలువ నిలుచును.

(6) మీగడ సరుకు చేయబూనువారు చల్లదనము, వెన్న తీసిన పాలు, కొనువాడు అను మూడింటికిని ముందుగా దారి చూచుకొనవలెను.

లంబార్డీ పల్లెవారు తమ తేటనీటి ముద్దకు పెట్టుకొన్న ముతక పేరు నేడు ప్రపంచమంతటను పలుకబడుచున్నది. వారు దానిని దొరల మాటగా మార్చుకొనలేదు. మన కోవాకు, వెన్నకు, జున్నుకు పరాయి పేర్లు వెదకనక్కర లేదు. పేరునకు తగిన సరుకు ఇచ్చి, ఊరి పేరును సరుకు మీద నిజాయితీతో వ్రాసికొన్న చాలును.